నురుగురాని నీరు

గుంటూరు పట్టణంలో ఒకే ఇంట రెండు కుళాయిలు ఉండటం కద్దు. ఒకటి నగరపాలక సంస్థవారి కుళాయి. దానిలో కృష్ణానది నీరు నియమిత వేళల్లో వస్తుంది. రెండవది మేడమీది తొట్టినుంచి దిగే బోరునీటి కుళాయి. దానిని ఎప్పుడు తిప్పినా నీరు వస్తుంది. ఇల్లాలు మొదటిదానిని మంచినీళ్లు అంటుంది. రెండవదానిని ఉప్పునీళ్లు అంటుంది. మంచినీటితో పప్పుకు ఎసరు పెట్టి, ఉప్పునీటితో గిన్నెలు కడుగుతుంది. నదినీరు రాని రోజున పప్పు కూడా బోరునీటిలోనే ఉడకాలి. అది ఎంతసేపటికీ మెదగదు. స్నానానికి పోయిన పిల్లవాడు సబ్బు ఎంత రుద్దినా నురుగు రావటం లేదని లోపలినుంచి కేకవేస్తాడు. కడిగి బోర్లించిన స్టీలు గ్లాసు ఆరేసరికి దానిమీద తెల్లని మచ్చలు తేలుతాయి. ఇన్ని చిక్కులకూ కారణం ఉప్పేనని ఇంటివారి నమ్మకం. ఆ నీరు నాలుకకు ఉప్పగా తగలకపోయినా సరే, ఆ పేరు మాత్రం పోదు.

నిజానికి ఈ చిక్కులకు కూరలో వేసే ఉప్పుతో పని లేదు. వీటిని తెచ్చిపెట్టేవి ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం అనే రెండు లోహాల లవణాలు. ఇవి ఎక్కువగా కరిగివున్న నీటిని కఠినజలం అని, తక్కువగా ఉన్న నీటిని మృదుజలం అని రసాయనశాస్త్రం వ్యవహరిస్తుంది. గుంటూరు, ప్రకాశం సీమలో నీటికి ఉండే దోషాలు ఒకటి కాదు. కఠినత్వం ఒకటి, ఉప్పదనం మరొకటి, ఫ్లోరైడు ఇంకొకటి, రోగక్రిములు వేరొకటి. వాడుకలో ఇవన్నీ కలగాపులగమై ‘చెడ్డనీళ్లు’ అనే ఒక్క మాటలో ఇమిడిపోయినవి. ఒక దోషానికి చేసే చికిత్స మరొక దోషానికి పనికిరాదు. అంతేకాదు, ఒకదానిని పోగొట్టి, అన్నీ పోయినవని తృప్తిపడితే ప్రమాదం కూడా కలదు. కాబట్టి కఠినత్వం అంటే ఏమిటో, అది ఏమి చేస్తుందో, ఏమి చేయదో విడదీసి చూడటం అవసరం.

నీటిలోకి సున్నం ఎట్లా వచ్చింది?

వాననీరు దాదాపు పరిశుద్ధమైనది. నేలలో ఇంకేటప్పుడే అది మారిపోతుంది. మట్టిలో వేళ్లు, సూక్ష్మజీవులు విడిచే బొగ్గుపులుసు వాయువు నిండి ఉంటుంది; పైగాలిలోకంటే నేలలోని గాలిలో ఈ వాయువు ఎన్నో పదుల రెట్లు ఎక్కువ. దానిని కరిగించుకున్న నీరు స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేట్, ఉత్తనీటిలో కరగదనే చెప్పవచ్చు. ఈ ఆమ్లగుణం గల నీటిలో మాత్రం అది కాల్షియం బైకార్బొనేట్‌గా మారి కరిగిపోతుంది.

ఇందుకు కావలసిన సామగ్రి ఈ సీమలో సమృద్ధిగా ఉన్నది. పల్నాట మాచర్ల, పిడుగురాళ్ల, నడికుడి చుట్టుపట్ల నేల కిందనంతా సున్నపురాయి. పిడుగురాళ్ల సున్నపుబట్టీలకు, మాచర్ల సిమెంటుకు ఆధారం ఆ రాయే. అక్కడి నూతులలో నీరు కఠినం కావటంలో వింత లేదు. గుంటూరు దగ్గర, ప్రత్తి, మిరప పండే మైదానంలో అడుగునున్నది సున్నపురాయి కాదు. అతి ప్రాచీనమైన గట్టిరాయి. ఐనా అక్కడి బోరునీరూ కఠినమే. కారణం పైనున్న నల్లరేగడి. రేగడినేల తవ్వినప్పుడు చేతికి తగిలే తెల్లని గరుకు గుండ్లు వ్యవసాయదారులందరికీ పరిచితాలు. అవి సున్నపు ముద్దలే. ఎండాకాలంలో నేలలోని తేమ ఆవిరైనప్పుడు అందులోని సున్నం ఇట్లా గడ్డకడుతుంది. వానాకాలంలో దిగే నీరు దానిని మళ్లీ కొంత కరిగించుకొని లోపలికి పోతుంది. దీనికితోడు అడుగురాళ్లలోని కాల్షియం, మెగ్నీషియం గల ఖనిజాలు కూడా శిథిలమై తమ వంతు ఇస్తాయి.

సముద్రతీరాన బాపట్ల, చీరాల వైపు పరిస్థితి వేరు. ఇసుకమేటలలో పైపైన నిలిచిన వాననీరు తియ్యగా ఉంటుంది. లోతుకు పోయినకొద్దీ సముద్రపు ఉప్పు తగులుతుంది. సముద్రజలంలో కాల్షియంకంటె మెగ్నీషియం ఎక్కువ. కనుక ఉప్పునీరు కలసిన నూయి కఠినం కూడా అవుతుంది. ఇంకొక విశేషం: ఉప్పునీరు బంకమట్టిలోకి చొరబడినప్పుడు మట్టి తనవద్దనున్న కాల్షియంను విడిచి, నీటిలోని సోడియంను పట్టుకుంటుంది. అందుచేత ఉప్పు ముందుకు వచ్చే చోట నీరు ఒక్కసారిగా మరీ కఠినమవుతుంది. ఉప్పదనం, కఠినత్వం ఒకటే అనే భ్రమకు ఇటువంటి తావులే మూలమై ఉంటాయి. ఇక్కడ రెండూ జంటగా వస్తాయి. పల్నాటి నూతులలో మాత్రం ఉప్పు లేకుండానే కఠినత్వం ఉండవచ్చు.

నదినీరు నేలమీద త్వరగా ప్రవహించేది. రాయితో, మట్టితో దానికి ఉండే సహవాసం స్వల్పం. అందుచేత కృష్ణనీరు బోరునీటికంటే మృదువు. గుంటూరుకు ఆ నీరు ఉండవల్లి వద్ద తోడి తక్కెళ్లపాడులో వడగట్టి కొంత, సంగం జాగర్లమూడినుంచి కొంత వస్తుంది. ఒంగోలుకు నాగార్జునసాగర్ కుడికాలువ నీటిని చెరువులలో నిలవచేసి సరఫరా చేస్తారు. 1967 ఆగస్టు 4న ఆ కాలువలకు నీరు వదలినప్పుడు పైరుపచ్చలే అందరి దృష్టిలో ఉన్నవి. కాని పప్పు ఉడికే నీరు కూడా ఆ కాలువవెంటే వచ్చింది. పట్టణం పెరిగినకొద్దీ గొట్టాలు చేరని కొత్తపేటలు ఏర్పడతాయి. వేసవిలో సరఫరా ఎడమవుతుంది. అప్పుడు బోరే గతి. పెద్ద భవనాలలో రెండు నీళ్లనూ ఒకే తొట్టిలో కలుపుతారు. ఇంటివారు తాము వాడుతున్నది ఏ నీరో చెప్పలేని స్థితి ఇట్లా వస్తుంది. సోమవారం ఉడికిన పప్పు గురువారం ఉడకదు.

సబ్బు లెక్క

సబ్బు అనేది కొవ్వు ఆమ్లానికి సోడియంతో ఏర్పడిన లవణం. అది నీటిలో కరుగుతుంది, మురికిని విడదీస్తుంది, నురుగునిస్తుంది. కఠినజలంలో పడగానే సోడియం స్థానాన్ని కాల్షియం, మెగ్నీషియం ఆక్రమిస్తాయి. అప్పుడు ఏర్పడే పదార్థం నీటిలో కరగదు. తెల్లగా, జిడ్డుగా తెట్టెకడుతుంది. బకెట్టు అంచున చారలు, స్నానాలగది నేలమీద జారుడు, తెల్ల చొక్కాకు క్రమంగా వచ్చే బూడిదరంగు ఇదే పదార్థం. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అంతా ఇట్లా తెట్టె కట్టినదాకా సబ్బుకు మురికిమీద పనిచేసే తీరిక చిక్కదు.

దీనిని లెక్కకట్టవచ్చు. కఠినత్వాన్ని, అది ఏ లవణం వలన వచ్చినా సరే, అంతకు సమానమైన కాల్షియం కార్బొనేట్‌గా లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెప్పటం ఆచారం. లీటరుకు 100 మిల్లీగ్రాముల కఠినత్వం, ఒక లీటరులో 0.6 గ్రాముల సబ్బును వ్యర్థం చేస్తుంది. ఒక ఇంటి బోరునీటి కఠినత్వం 300 అనుకుంటే, 15 లీటర్ల బకెట్టులో నురుగు నిలవాలంటే ముందుగా 27 గ్రాములకు పైగా సబ్బు నీటికే ఆహుతి కావాలి. నూరు గ్రాముల బిళ్లలో నాలుగోవంతుకు మించి పోయినది. బట్ట ఇంకా తడవనే లేదు. వాడుకలో బకెట్టెడు నీటినీ ఎవరూ నురుగు చేయరు. సబ్బును తడిబట్టమీదనే రుద్దుతారు. కనుక ఇంత నష్టం ఒక్కసారి కనిపించదు. కాని జాడించేటప్పుడు బట్టలో మిగిలిన సబ్బు అంతా కఠినజలం తగిలి అక్కడికక్కడే తెట్టెగా మారి నూలుపోగులలో ఇరుక్కుంటుంది.

పూర్వం బట్టలు ఉతికే రజకులు ఈ లెక్క తెలియకుండానే దీనికి జవాబు కనుగొన్నారు. వారు వాడిన చవుడుమట్టిలో సోడియం కార్బొనేట్ ఉంటుంది. నేటి బట్టలసోడా అదే. ఇది నీటిలోని కాల్షియంను కార్బొనేట్‌గా మార్చి అడుక్కు దించుతుంది. పైన లెక్కించిన బకెట్టుకు సుమారు ఐదు గ్రాముల పొడి సోడా చాలును. 27 గ్రాముల సబ్బు చేసే పనిని ఐదు గ్రాముల సోడా చేస్తున్నదంటే ఏది చౌకో వేరే చెప్పనక్కరలేదు. ఐతే సోడా కలిపి కొంతసేపు నిలవనిచ్చి, తేరిన తరువాతనే సబ్బు వేయాలి. రెండూ ఒకేసారి వేస్తే ప్రయోజనం తగ్గుతుంది. పట్టు, ఉన్ని బట్టలకు సోడా పనికిరాదు.

కుంకుడుకాయ సంగతి మరీ తమాషా అయినది. తలంటుకు కుంకుడురసం వాడే ఇళ్లల్లో బోరునీటితో కూడా నురుగుకు కొదవలేదు. కుంకుడులోని సాపొనిన్లు కాల్షియంతో కలసి తెట్టె కట్టవు. 1959లో మనదేశపు బజారులోకి సర్ఫు వచ్చినప్పుడు, కఠినజలంలో కూడా నురుగునిస్తుందని దానిని అందరూ మెచ్చుకున్నారు. దాని తరువాత వచ్చిన బట్టల పొడులన్నీ ఆ కోవకు చెందినవే. ఆ గుణం కుంకుడుచెట్టుకు ముందే అబ్బింది. ఐతే ఈ పొడులకు కఠినత్వం అసలు తగలదనుకోరాదు. అందులో కలిపే సోడా మొదలైనవి కాల్షియంను పట్టి ఉంచుతాయి కనుక అవి పనిచేస్తాయి; నీరు మరీ కఠినమైతే పొడి ఎక్కువ వేయక తప్పదు.

పప్పు, టీ, వేడినీళ్ల కాగు

కందిపప్పు మెదగటమంటే దాని కణాలను అంటించి ఉంచే పెక్టిన్ అనే జిగురు పదార్థం కరిగి కణాలు విడిపోవటం. నీటిలోని కాల్షియం ఈ పెక్టిన్‌ను పట్టుకొని కరగకుండా బిగిస్తుంది. కాబట్టి పప్పు పలుకుగా నిలుస్తుంది. కట్టెలో, గ్యాసో అదనంగా ఖర్చవుతుంది. ప్రెషర్ కుక్కరు ఈ దోషాన్ని చాలావరకు కప్పిపుచ్చింది. చింతపండు పులుసు ముందుగా పోస్తే పప్పు ఉడకదని ప్రతి వంటింట తెలుసు. అక్కడ అడ్డుపడేది ఆమ్లం, ఇక్కడ కాల్షియం. తగిలేది మాత్రం ఆ పెక్టిన్‌కే. త్వరగా ఉడకాలని చిటికెడు వంటసోడా వేయటం కలదు. అది పప్పును మెత్తబరుస్తుంది. దానితోపాటు పప్పులోని ‘బి1’ విటమినును కొంత నాశనం చేస్తుంది. ఇంటికి నదినీరు రోజుకు నాలుగు బిందెలే వచ్చేటట్లయితే, తాగటానికి ఉంచిన తరువాత తొలి హక్కు పప్పు ఎసటిదే. అన్నానికి అంత పట్టింపు లేదు.

టీ మీద పలుచని మీగడవంటి పొర తేలితే పాలు చెడినవనుకోనక్కరలేదు. టీ ఆకులోని పదార్థాలు, కాల్షియం, గాలి కలసి కట్టిన పొర అది.

ఇక వేడినీళ్ల కాగు. కాల్షియం బైకార్బొనేట్ వేడికి నిలవదు; బొగ్గుపులుసు వాయువు తప్పించుకొనిపోయి సున్నపురాయి మళ్లీ పుడుతుంది. పల్నాటి కొండ కరిగి నీరైతే, ఆ నీరు పొయ్యిమీద తిరిగి రాయి అవుతున్నదన్నమాట. కాచినంతమాత్రాన పోయే ఈ కఠినత్వానికి తాత్కాలిక కఠినత్వమని పేరు. కాల్షియం, మెగ్నీషియంల సల్ఫేట్లు, క్లోరైడ్లు ఎంత కాచినా పోవు. వాటిది శాశ్వత కఠినత్వం. సాధారణంగా ఏ నూతినీటిలోనైనా రెండూ పాలు పంచుకొని ఉంటాయి.

లీటరుకు 200 మిల్లీగ్రాముల తాత్కాలిక కఠినత్వం గల నీటిని ఒక ఇల్లు రోజుకు 50 లీటర్లు మరిగిస్తే, ఏడాదికి మూడున్నర కిలోలకు పైగా సున్నపురాయి అడుగుబడుతుంది. ఆ పొర వేడిని రాగికంటే వందలరెట్లు తక్కువగా పోనిస్తుంది. పొయ్యిమీది కాగులో పొర మందమైనకొద్దీ వేడి నీటికి అందక చుట్టూ గాలిలోకి పోతుంది. ఇది వంటచెరకు నష్టం. కరెంటు గీజరులో కథ కొంచెం వేరు. అక్కడ వేడిచేసే కడ్డీ నీటిలోనే మునిగి ఉంటుంది కనుక వేడి ఎటూ పోవటానికి దారిలేదు; ఆలస్యంగానైనా నీటికే చేరుతుంది. కాబట్టి సున్నం పట్టిన గీజరువలన కరెంటు బిల్లు రెట్టింపవుతుందనే మాటలో అతిశయోక్తి ఉన్నది. అసలు నష్టం కడ్డీకి. వేడిని బయటికి పంపలేక అది తానే మితిమీరి కాగి, తొందరగా మాడిపోతుంది. గీజరును మరిగే స్థాయికి పోనీక తక్కువ వేడిమివద్ద ఆపితే సున్నం పట్టటం చాలా తగ్గుతుంది. పట్టిన పొరను నిమ్మరసం, చింతపండు, వినిగరు వంటి పులుపుతో నానబెట్టి వదలగొట్టవచ్చు. బుసబుస పొంగేది బొగ్గుపులుసు వాయువే.

ఇంటిని దాటి మిరపతోటకు పోయినా ఈ నీరు వెంటాడుతుంది. పురుగుమందులలో కొన్ని నూనెరూపంలో ఉండి, నీటిలో పోయగానే పాలవలె తెల్లగా కలుస్తాయి. మరీ కఠినమైన నీటిలో ఆ పాలు విరిగి, మందు పైకి తేలుతుంది. చేనులో ఒక మొక్కకు మందు ఎక్కువై, మరొకదానికి ఉత్తనీరే దక్కుతుంది. అంతర్జాతీయ పద్ధతిలో ఇటువంటి మందులను 342 మిల్లీగ్రాముల కఠినత్వం గల నీటిలో కలిపి పరీక్షించటం ఒక నియమం. బోరునీరు అంతకు మించినదైతే డ్రమ్ములో కలిపేముందు ఒక గాజుగ్లాసులో కలిపి, అరగంట చూచి మరీ పిచికారీ చేయటం మంచిది.

ఆరోగ్యానికి చెరుపా?

కఠినజలం తాగితే మూత్రపిండాలలో రాళ్లు పడతాయనే భయం ఈ సీమలో బలంగా ఉన్నది. కాగులో రాయి కట్టే నీరు కడుపులో మాత్రం కట్టకుండా ఉంటుందా అనేది ఆ వాదం. వినటానికి బాగానే ఉన్నది, కాని దేహం కాగు కాదు. నీటి కఠినత్వానికీ, మూత్రపిండాల రాళ్లకూ నిశ్చయమైన సంబంధం పరిశోధనలలో తేలలేదు. ఎండలో పనిచేస్తూ నీరు చాలినంత తాగకపోవటం అంతకంటే ఎక్కువ దోషకరం. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం శరీరానికి కావలసిన పదార్థాలే. భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణంలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించకూడదని, వేరే నీరు దొరకని చోట 600 వరకు సహించవచ్చునని ఉన్నది. మెగ్నీషియం సల్ఫేటు విశేషంగా ఉన్న నీరు అలవాటు లేనివారికి విరేచనకారి కావచ్చు.

మరొకవైపు, నీరు మృదువైనంత మాత్రాన నిరపాయకరం కాదు. 2018 మార్చిలో గుంటూరు తూర్పుపేటలలో మురుగు కలసిన తాగునీటి వలన అతిసారం ప్రబలి పలువురు చనిపోయారు. నదినీరు సబ్బుకు నురుగునిస్తుంది, పప్పును ఉడికిస్తుంది. క్రిమి చేరినదీ లేనిదీ ఆ నురుగు చెప్పదు.

విరుగుడులు

1841లో స్కాట్లండులోని ఆబర్డీన్‌లో రసాయనశాస్త్ర ఆచార్యుడైన థామస్ క్లార్క్ ఒక చిత్రమైన ఉపాయానికి హక్కుపత్రం పొందాడు. నీటిలోని సున్నాన్ని తొలగించటానికి ఆ నీటిలో మరికొంత సున్నం కలపాలన్నాడు! ముల్లును ముల్లుతోనే తీయటం వంటిది ఇది. తడిసున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, నీటిలోని బైకార్బొనేట్‌తో కలసి కరగని కార్బొనేట్‌గా మారుతుంది. వేసిన సున్నమూ, ఉన్న సున్నమూ రెండూ అడుక్కు దిగుతాయి. 200 లీటర్ల డ్రమ్ములో, 200 మిల్లీగ్రాముల తాత్కాలిక కఠినత్వం గల నీటికి ఇంచుమించు 30 గ్రాముల మంచి తడిసున్నం కావాలి. నీటిలో బొగ్గుపులుసు వాయువు, మెగ్నీషియం ఉంటే ఇంకొంచెం పడుతుంది. కొలత మీరితే నీరు క్షారమై చేతులు కొరుకుతుంది. ఇది ఉతుకుడునీటికి తగిన పద్ధతి. పరీక్ష లేకుండా తాగేనీటికి ఇంటిలో చేయదగినది కాదు. సున్నం కావలసినవారికి పిడుగురాళ్ల దూరం కాదు.

బురదనీటిని తేర్చటానికి పటిక తిప్పటం, చిల్లగింజ అరగదీయటం పాత అలవాట్లు. ఇవి బురదను దించుతాయి. కఠినత్వాన్ని ఏమీ చేయవు. పటిక ఇంకొక పని కూడా చేస్తుంది. తాత్కాలిక కఠినత్వంలో కొంతభాగాన్ని సల్ఫేటుగా మార్చి శాశ్వత కఠినత్వంలోకి నెడుతుంది. మొత్తం తగ్గదు, పేరు మారుతుంది.

ఇళ్లకు అమర్చే మృదుకరణ యంత్రాలలో ఒక రకపు రెజిన్ గుళికలు ఉంటాయి. అవి కాల్షియంను పట్టుకొని సోడియంను విడుస్తాయి. గుళికల శక్తి అయిపోయినప్పుడు ఉప్పునీటితో కడిగితే మళ్లీ పనికివస్తాయి. గీజరుకు, బట్టలయంత్రానికి ఇవి మేలు. కాని 100 మిల్లీగ్రాముల కఠినత్వం పోయినచోట లీటరుకు 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుందని రక్తపుపోటు గలవారు గుర్తించాలి. గొట్టానికి అయస్కాంతం కడితే నీరు మృదువవుతుందని చెప్పి అమ్మే పరికరాలు కూడా కలవు. వాటి గుణం నమ్మదగినట్లు రుజువు కాలేదు. నీటిలోని కాల్షియం అయస్కాంతం దాటిన తరువాత కూడా నీటిలోనే ఉంటుంది.

ఆర్.ఓ. యంత్రం వీటన్నింటికంటే బలమైనది. ఒత్తిడితో నీటిని అతిసూక్ష్మమైన పొరగుండా నెట్టి, కఠినత్వం, ఉప్పు, ఫ్లోరైడు అన్నింటినీ చాలావరకు తొలగిస్తుంది. దానికి మూల్యం నీరే. ఇంటి యంత్రాలలో చాలావరకు, చేతికివచ్చే నీటికంటే పారబోసే నీరే ఎక్కువ. తక్కువ నీరున్న సీమలో ఇది చిన్న సంగతి కాదు. ఆ విసర్జితజలం మరీ కఠినమైనది. నేల కడగటానికి, మరుగుదొడ్డికి వాడవచ్చు గాని మొక్కలకు వరుసగా పోయరాదు. కృష్ణనీరు వచ్చే కుళాయికి కూడా ఆర్.ఓ. తగిలించటం వట్టి వృథా. అక్కడ కావలసినది క్రిమినాశనమే. కాచి చల్లార్చితే సరిపోతుంది.

ఒక సీసా పరీక్ష

ఇంటి నీరు ఏ జాతిదో తెలుసుకోవటానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. ఒకేవిధమైన మూడు చిన్న సీసాలు, కొంచెం మామూలు సబ్బునీరు, ఒక చుక్కల గొట్టం ఉంటే చాలు. బట్టల పొడి పనికిరాదు. మొదటి సీసాలో సగందాకా వాననీరు, రెండవదానిలో అంతే బోరునీరు, మూడవదానిలో పావుగంటసేపు మరిగించి, చల్లార్చి, మందపాటి గుడ్డతో వడగట్టిన బోరునీరు పోయాలి. మరిగేటప్పుడు తగ్గిన మేరకు వాననీరు కలిపి సరిచేయాలి. ఒక్కొక్కదానిలో సబ్బునీరు చుక్కచుక్కగా వేస్తూ, కుదుపుతూ, నురుగు రెండు నిమిషాలు నిలిచేదాకా చుక్కలు లెక్కపెట్టాలి. రెండవ సీసాకు పట్టిన చుక్కలలోనుంచి మొదటి సీసా చుక్కలు తీసివేస్తే మొత్తం కఠినత్వం తెలుస్తుంది. మూడవదానితో పోల్చితే అందులో కాచి పోగొట్టగలిగినది ఎంతో తెలుస్తుంది. క్లార్క్ చేసిన పరీక్ష దాదాపు ఇటువంటిదే. నేటి ప్రయోగశాలలలో ఇ.డి.టి.ఎ. అనే పదార్థంతో కొలుస్తారు. ద్రాక్షసారా రంగులోనున్న నీరు నీలం కాగానే లెక్క ముగుస్తుంది. జూరిచ్‌లో ష్వార్జెన్‌బాఖ్ 1940లలో దీనిని రూపొందించాడు.

చుక్కలు మూడవ సీసాలో బాగా తగ్గితే కాచటం, సున్నం పనికివస్తాయి. తగ్గకపోతే సోడాయో, రెజినో తప్పదు.

నురుగు చెప్పని సంగతి

ఈ సీసాపరీక్షకు లొంగని దోషం ఒకటి పశ్చిమాన ఉన్నది. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనివి. అక్కడి పల్లెలలో పండ్లపై గోధుమరంగు చారలు, బిగుసుకుపోయిన వెన్ను, వంగని మోకాళ్లు గల మనుషులను పరిశీలించి, షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడినాయర్ అనే వైద్యపరిశోధకులు 1937లో ఆ జబ్బుకు కారణం నూతినీటిలోని ఫ్లోరైడని ప్రకటించారు. మనుషులలో ఫ్లోరోసిస్ వ్యాధిని మనదేశంలో గుర్తించిన తొలి ఘట్టం అది.

ఫ్లోరైడుకు, కఠినత్వానికి ఒకవిధమైన ఎడమొగం పెడమొగం. కాల్షియం సమృద్ధిగా ఉన్న నీటిలో ఫ్లోరైడు కాల్షియం ఫ్లోరైడుగా బిగిసి, ఎక్కువగా కరిగి ఉండలేదు. నీరు నేలలో ప్రయాణిస్తూ తన కాల్షియంను పోగొట్టుకొని సోడియం బైకార్బొనేట్‌ను పుంజుకున్న చోటనే ఫ్లోరైడు విజృంభిస్తుంది. అంటే ఫ్లోరైడు మిక్కుటమైన నీరు తరచుగా మృదువైన నీరే. దానితో సబ్బు బాగా నురుగునిస్తుంది, పప్పు చక్కగా ఉడుకుతుంది, కాగులో సున్నం పట్టదు, రుచి కూడా బాగానే ఉంటుంది. పక్కనున్న కఠినమైన నూతిని విడిచి ఇల్లాలు ఈ నీటిని కోరి తెచ్చుకోవటంలో ఆశ్చర్యం లేదు. ఆమె నాలుక, ఆమె పొయ్యి, ఆమె సబ్బుబిళ్ల మూడూ కలసి ఆమెను మోసగిస్తాయి.

కాచటం ఇక్కడ విరుగుడు కాదు. నీరు ఆవిరైపోతుంది, ఫ్లోరైడు పోదు, కాచినకొద్దీ చిక్కనవుతుంది. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటరాదని, వేరే గతిలేనిచోట 1.5 వరకు సహించవచ్చునని ప్రమాణం. సున్నం, పటిక, బ్లీచింగ్ పొడి తగుపాళ్లలో కలిపి ఫ్లోరైడును అడుక్కు దించే నల్గొండ పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనసంస్థ 1970లలో రూపొందించింది. పాళ్లు నీటినిబట్టి మారుతాయి గనుక పరీక్ష లేనిదే ఇదీ సాగదు. ఆర్.ఓ. యంత్రం తన ఖర్చుకు నిజంగా తగినది ఇటువంటి ఊళ్లలోనే.

ఫ్లోరైడు పరీక్షకు నీరు పంపేటప్పుడు గాజుసీసా వాడరాదు. పాలిథీన్ సీసా కావాలి. బోరును కొంతసేపు నడిపి, గొట్టంలో నిలిచిన నీరు పోయిన తరువాత, ఆ నీటితోనే సీసాను రెండుమూడుసార్లు తొలిచి, నిండుగా పట్టి, మూత బిగించాలి. సీసామీద ఊరిపేరు, బోరు లోతు, పట్టిన తేదీ రాయాలి. ఒక బోరులో లేనిది నూరు గజాల అవతలి బోరులో ఉండవచ్చు కనుక ఇరుగుపొరుగుల ఫలితం చాలదు. ఎవరి బోరు నీరు వారు విడిగా పట్టి పంపాలి. ఎండాకాలంలో ఒకసారి, వానలు వెలసిన తరువాత మరొకసారి పంపితే రెండు అంకెలలోని తేడా కూడా తెలుస్తుంది.